రూపాయెత్తు వెండి

పెళ్లికి బంగారం మాట్లాడుకునే చోట పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది: రూపాయెత్తు. ఎత్తు అంటే తూకం. త్రాసులో ఒక పళ్లెంలో వెండి రూపాయి వేసి, రెండో పళ్లెంలో బంగారం పెట్టి కంసాలి తూచిన కాలం నుంచి వచ్చిన మాట అది. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది. 1835లో కొట్టించిన కొత్త రూపాయి సరిగ్గా తులం తూగేది. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. 80 రూపాయలు పళ్లెంలో పోస్తే పక్కా సేరు, 120 పోస్తే వీశె. సంచిలో రూపాయలున్న మనిషి దగ్గర తూనికరాళ్లు కూడా ఉన్నట్టే.

ఇవాళ నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. మెట్రిక్ కొలతలు వచ్చాక లెక్క తేలిక కోసం సరిచేసుకున్న తులం అది. పాత తులంలోని ఆ 1.66 గ్రాముల తేడా ఇప్పుడు మిగిలింది పాత రూపాయిలోనే. ఈ మధ్య వెండి నాణేలు కొని దాచుకోవాలన్న ఆసక్తి చాలామందిలో కనిపిస్తోంది. కొందరికి అది సరదా, కొందరికి పొదుపు, ఎక్కువమందికి రెండూ. దుకాణం మెట్లెక్కే ముందు వాళ్లు తెలుసుకోవలసింది ఈ రూపాయి చరిత్ర. వెండి నాణేనికి పుట్టిన నాటి నుంచీ రెండు వెలలున్నాయి. ఒకటి లోహానిది, ఇంకొకటి దాని మీది ముద్రది. ఆ రెండూ ఒక్కోసారి దగ్గరయ్యాయి, ఒక్కోసారి దూరమయ్యాయి. ఆ దూరంలోనే డబ్బు మార్చే షరాబులు సంపాదించారు, రైతులు నష్టపోయారు, ప్రభుత్వాలు యుద్ధాలు నడిపాయి. కాలం గడిచాక మూడో వెల ఒకటి వచ్చి చేరింది, అది అరుదుతనానిది. కొత్తగా కొనేవాడు ఈ మూడింటిలో దేనికి డబ్బు ఇస్తున్నాడో తెలిసి ఇవ్వాలి.

తెలుగులో నాణెం, నాణ్యం అన్నదమ్ముల్లాంటి మాటలు. నాణెం అంటే డబ్బు బిళ్లే కాకుండా మేలిమి, నిజాయతీ అన్న అర్థాలు కూడా పాత నిఘంటువుల్లో ఉన్నాయి. సరుకు బాగుంటే నాణ్యమైనదంటాం. బిళ్లలో లోహం సరిగ్గా ఉందా లేదా అన్న అనుమానం ఎంత పాతదో ఈ మాటే చెబుతుంది.

ఆ అనుమానానికి ఆధారాలు కృష్ణా తీరంలోనే దొరికాయి. అమరావతిలో బయటపడ్డ నిధిలో ఏడు వేలకు పైగా వెండి విద్ధాంక నాణేలున్నాయి. సూర్యుడు, కొండ, చెట్టు, ఏనుగు వంటి గుర్తులను ఒక్కొక్కటిగా గుద్దిన పల్చని ముక్కలవి. ఒక్కోటి మూడున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. చాలావాటి మీద తర్వాత ఎవరో గుద్దిన చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. చేతులు మారేటప్పుడు వర్తకులు వెండిని పరీక్షించి, సరేనని వేసిన ముద్రలుగా వాటిని పండితులు చెబుతారు. రాజు ముద్ర ఉన్నా వర్తకుడు తన ముద్ర తాను వేసుకున్నాడన్నమాట.

శాతవాహనుల కాలానిది ఇంకో కథ. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒక కుండ దొరికింది. అందులో 13 వేలకు పైగా వెండి నాణేలు. అన్నీ క్షహరాత రాజు నహపాణుడివే. కానీ వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యం గుర్తును, ఉజ్జయిని గుర్తును మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు ముద్ర. శాతకర్ణి ఆ వెండిని కరిగించలేదు. లోహం నమ్మదగిందే, మారాల్సింది పేరు మాత్రమే. ఆ నాణేల్లో ఒకదాన్ని భూతద్దం కింద పెడితే చైత్యం గీతల సందులోంచి నహపాణుడి ముక్కు, గ్రీకు అక్షరాల ముక్కలు ఇప్పటికీ తొంగిచూస్తాయి.

ఆ తర్వాత చాలా శతాబ్దాలు తెలుగునాట వెండి వెనకబడింది. కాకతీయుల కాలంలోనూ విజయనగర కాలంలోనూ పెద్ద లావాదేవీలకు బంగారం, చిల్లరకు రాగి. మాడ, వరహా, ఫణం, కాసు అన్నవి ఆ లోకపు మాటలు. మన దేశంలో అప్పట్లో వెండి గనులు బహు స్వల్పం. వాడిన వెండిలో చాలా భాగం ఓడల మీద వచ్చిందే. ఆ ఓడలు ఆగిన రేవుల్లో మచిలీపట్నం ఒకటి. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అక్కడ గిడ్డంగులు పెట్టారు. వాళ్లకు కావలసింది కలంకారీ అద్దకం బట్టలు, నేత బట్టలు. బదులుగా ఇవ్వడానికి వాళ్ల దేశపు సరుకు ఇక్కడ పెద్దగా అమ్ముడుపోలేదు. అందుకని బంగారం, వెండి తెచ్చారు. స్పానిష్ డాలర్ల రూపంలో అమెరికా ఖండం గనుల వెండి, డచ్చివారి వర్తకం వల్ల జపాన్ వెండి కోరమాండల్ తీరానికి చేరాయి.

రూపాయి ఇటువైపు వచ్చింది మొఘలు సైన్యంతో. షేర్‌షా సూరి 1540ల్లో ఉత్తరాదిన 178 గ్రెయిన్ల తూకంతో రూపయా కొట్టించాడు. అక్బరు, అతని వారసులు మొత్తం మీద ఆ తూకాన్నే నిలబెట్టారు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాక హైదరాబాదు పేరుతో, మచిలీపట్నం పేరుతో వెండి రూపాయలు రావడం మొదలైంది. అయితే పల్లెల్లో వరహా అంత త్వరగా పోలేదు. కోస్తా జిల్లాల్లో కంపెనీ దొరలు శిస్తు వసూలు చేసిన తొలినాళ్లలో కూడా లెక్కలు వరహాల్లోనే.

ఆ మార్పు జరుగుతున్న నడిమధ్య కాలంలో పుట్టిన నాణెం ఒకటి ప్రతి తెలుగు సేకర్తా ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడాలి. 1807, 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల కొట్టిన వెండి అర వరహా, పావు వరహా. ఒకవైపు గుడి గోపురం, దాని చుట్టూ నక్షత్రాలు. రెండోవైపు తామరపువ్వులోంచి లేస్తున్న విష్ణుమూర్తి. నాలుగు భాషల్లో విలువ రాసి ఉంటుంది: ఇంగ్లీషు, పారశీకం, తమిళం, తెలుగు. అర వరహాల్లో కొన్నింటిని కొత్తగా వెండి పోసి చేయలేదు. స్పానిష్ డాలరు బిళ్లనే అచ్చు కింద పెట్టి మళ్లీ కొట్టారు. బాగా వెతికితే గోపురం చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాల మధ్య స్పెయిన్ రాజు పేరులోని అక్షరం ముక్క దొరుకుతుంది. స్పెయిన్ రాజు పేరుతో సముద్రం దాటిన వెండి మద్రాసులో తెలుగు అక్షరాలు వేసుకుని గుంటూరు, నెల్లూరు సీమల్లో శిస్తుగా చెల్లింది. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి రూపాయిని ప్రధాన నాణెం చేసింది. వరహాకు మూడున్నర రూపాయలని కట్టింది. రైతు ఇంట్లో వరహా మాట సామెతల్లోకి వెళ్లిపోయింది.

అప్పటికి దేశంలో ఎన్ని రకాల రూపాయలు ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. ఆర్కాటు రూపాయి ఒకటి, సూరత్ రూపాయి ఒకటి, ముర్షిదాబాదు సిక్కా ఒకటి. తూకంలో కొంత, మేలిమిలో కొంత తేడా. ఈ తేడా మీద బతికినవాడు షరాబు. అతను రూపాయిని రాతి మీద వేసి మోత వినేవాడు, గీటురాయి మీద గీసేవాడు, అరుగుదల చూసేవాడు, తర్వాత వట్టం తీసుకుని మార్చేవాడు. కొత్త రూపాయికి ఒక ధర, రెండేళ్ల రూపాయికి ఒక ధర. షరాబుల తూకమే కూలివాడి కూలిని, నేతగాడి ప్రతిఫలాన్ని కోసేది.

1835 చట్టం ఈ గందరగోళానికి ముగింపు పలికింది. కంపెనీ ఏలుబడిలో ఉన్న అన్ని ప్రాంతాలకూ ఒకే రూపాయి: 180 గ్రెయిన్ల తూకం, 12 వంతుల్లో 11 వంతులు వెండి, ఒక వంతు రాగి. స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. ఈ లెక్క 1940 దాకా మారలేదు. ముందు నాలుగో విలియం ముఖం, తర్వాత విక్టోరియా. పల్లెల్లో దాన్ని రాణి రూపాయి అన్నారు. పైకెగరేసి బొమ్మా బొరుసా అని పందెం వేసుకోవడానికి బొమ్మ ఉన్న నాణెం ఉండాలి కదా, ఆ బొమ్మ అప్పుడు ఆమెదే.

నిజాం రాజ్యంలో మాత్రం ఆ బొమ్మ లేదు. అక్కడ చెల్లింది హాలీ సిక్కా. హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నది అని. గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి సంస్థానాలు, పట్నాలు కూడా ఒకప్పుడు తమ తమ టంకశాలల్లో రూపాయలు కొట్టేవి. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న కాలంలో ఈ స్థానిక టంకశాలలు మూతపడి, పని హైదరాబాదుకు చేరింది. 1857 తిరుగుబాటు అణిగి ఢిల్లీలో బహదూర్‌షా గద్దె దిగాక నిజాం నాణేల మీద మొఘలు చక్రవర్తి పేరు పోయింది. నిజాంల బిరుదైన అసఫ్‌జా పేరు, దానితోపాటు 92 అనే అంకె వచ్చాయి. అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో మహమ్మద్ ప్రవక్త పేరుకు వచ్చే మొత్తం అది.

చార్మినార్ రూపాయి వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో. 1903లో సైఫాబాదులో కొత్త టంకశాల కట్టారు, యంత్రాలు తెచ్చారు. ఆ యంత్రాల మీద అచ్చయిన రూపాయిని దగ్గరగా పెట్టుకుని చూస్తే అక్కడి పనివాళ్ల చేతి నేర్పు అర్థమవుతుంది. నడుమ చార్మినార్, నాలుగు మినార్లలో ముందువైపు రెండూ నిటారుగా, మీద అంతస్తుల చిన్న కమానులు సహా చెక్కారు. కింది పెద్ద కమాను కింద, సరిగ్గా మనుషులు నడిచివెళ్లే చోట, ఒక పారశీక అక్షరం నిలబడి ఉంటుంది. అది మీమ్ అయితే నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాణెం. ఐన్ అయితే ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌ది. 1911లో తండ్రి పోయి కొడుకు గద్దెనెక్కాక ముందు ఆ అక్షరాన్ని పొట్టిగా, సగమే చెక్కారు. తర్వాత పూర్తి రూపం చెక్కారు. ఆ సగం ఐన్ ఉన్న రూపాయి కోసం హైదరాబాదు సేకర్తలు ఇవాళ్టికీ భూతద్దాలు పట్టుకుని వెతుకుతారు. ఒక్క గీత పొడవు మీద ధర మారిపోతుంది.

హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యి పాళ్లకు 818. అంటే 9.14 గ్రాముల వెండి. బ్రిటిష్ రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవారు, కల్ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టినదని. 100 కల్దార్ రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇవ్వాలి. బొల్లారంలో బ్రిటిష్ కంటోన్మెంటు వైపు వెళ్లినా, రాజ్యం సరిహద్దు దాటి బెజవాడ వెళ్లినా ఈ లెక్క తప్పదు. నోటికి వంకరగా తగిలే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని చాలామంది అడుగుతారు. సూటిగా చెప్పాలంటే ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఇప్పుడు రెండు రూపాయల్లోని వెండిని పక్కపక్కన పెట్టి చూడండి: 10.69ని 9.14తో భాగిస్తే దాదాపు 1.17. ఏడును ఆరుతో భాగించినా దాదాపు అంతే. రెండు ప్రభుత్వాలు, రెండు ముద్రలు, రెండు భాషలు. మారకం రేటు మాత్రం త్రాసు చెప్పిన మాటకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

అయితే లోహం వెల, ముద్ర వెల ఎప్పుడూ ఇలా కలిసి నడవలేదు. పొదుపు కోసం వెండి కొనేవాళ్లు ఆగి చదవాల్సిన ఘట్టం 1893 నాటిది. అంతకుముందు ఎవరైనా వెండి కడ్డీ తీసుకెళ్లి టంకశాలలో ఇస్తే, కొద్దిపాటి రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. అందువల్ల వెండి ధర ఎంతో రూపాయి విలువా అంతే. 1870ల్లో జర్మనీ వెండిని వదిలి బంగారం పట్టుకుంది, అమెరికాలో కొత్త గనులు పడ్డాయి. లండన్‌లో ఔన్సు వెండి 60 పెన్నీల నుంచి జారి 1893 నాటికి దాదాపు 36 పెన్నీలకు పడింది. రూపాయి కూడా దానితోపాటు జారింది. లండన్‌కు బంగారం లెక్కన బాకీలు కట్టాల్సిన ప్రభుత్వానికి ఊపిరాడలేదు. ఈ సంగతి తేల్చడానికి వేసిన హెర్షెల్ కమిటీ సలహా మీద 1893లో టంకశాలల తలుపులు ప్రజల వెండికి మూసేశారు. కొన్నేళ్లలో రూపాయి 16 పెన్నీల దగ్గర నిలబడింది. వెండి మాత్రం ఇంకా దిగి 27 పెన్నీల దగ్గరికి వచ్చింది. అంటే 16 పెన్నీలు పలికే రూపాయిలో ఉన్నది 10 పెన్నీల వెండి.

దీని దెబ్బ ఎవరికి తగిలిందో చూడాలి. బ్యాంకు లేని పల్లెలో రైతు పొదుపు అంటే కడియాలు, మొలతాళ్లు, గజ్జెలు. మంచి పంట వచ్చిన ఏడు చేయించుకుని, కరువు ఏడు అమ్ముకునేవాడు. తలుపులు తెరిచి ఉన్న రోజుల్లో తులం వెండి అంటే దాదాపు రూపాయే. మూతపడ్డాక అదే కడియం కరువులో అమ్మబోతే రూపాయికి పది పన్నెండు అణాలు కూడా రావడం కష్టమైంది. 1896లోనూ 1899లోనూ పెద్ద కరువులు వచ్చాయి. వెండిని నమ్ముకున్న ఇళ్లు సరిగ్గా దాని అవసరం పడ్డ రోజునే మోసపోయాయి. వెండి ఎప్పటికీ నిలిచే సొత్తు అని చెప్పి అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, చెప్పాలి.

మరో ఇరవై ఏళ్లకు కథ తిరగబడింది. మొదటి ప్రపంచయుద్ధంలో భారతదేశం నుంచి సరుకు, సైన్యం విపరీతంగా వెళ్లాయి. వాటికి చెల్లించడానికి రూపాయలు చాలలేదు. కాగితం నోటు మీద నమ్మకం సన్నగిల్లి జనం కరెన్సీ ఆఫీసుల ముందు వరుసకట్టి వెండి అడిగారు. 1917 నవంబరులో ఒక రూపాయి నోటు మొదటిసారి వచ్చింది. హైదరాబాదు రాజ్యం కూడా 1918లో చట్టం చేసి సొంత నోట్లు అచ్చువేయించింది. అదే ఏడు అమెరికా పిట్‌మన్ చట్టం తెచ్చి 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో అత్యధిక భాగం భారత టంకశాలలకే వచ్చింది. 1920 ఫిబ్రవరిలో వెండి ఔన్సు 89 పెన్నీలు దాటింది. అప్పుడు రూపాయిని రూపాయిగా ఖర్చుపెట్టడం కన్నా కరిగించి అమ్మడం లాభం. కరిగించడం నేరమని ప్రభుత్వం యుద్ధకాలంలోనే ఆజ్ఞ జారీ చేసి ఉంది.

రెండో యుద్ధంలో ప్రభుత్వం ఆ పరిస్థితి మళ్లీ రానివ్వలేదు. 1940లో రూపాయిలో వెండిని 12లో 11 వంతుల నుంచి సగానికి తగ్గించింది. మిగతాది నూటికి 40 వంతులు రాగి, 5 నికెలు, 5 జింకు. అంచు మీద దొంగ నాణేలు పోయడానికి వీల్లేని కొత్త గాడి పెట్టింది. పాత మంచి రూపాయలను వరుసగా వెనక్కి పిలిచింది: 1941లో విక్టోరియావి, 1942లో ఎడ్వర్డువి, 1943లో జార్జి రాజులవి చెల్లకుండా పోయాయి. ట్రెజరీకి వెళ్లినవి కరిగిపోయాయి. వెళ్లనివి భూమిలో, బియ్యం డబ్బాల్లో, లంబాడీ స్త్రీల దుస్తుల మీద, మెడలోని పేర్లలో మిగిలాయి. ఇవాళ మార్కెట్లో కనిపించే రాణి రూపాయలు అలా ప్రభుత్వానికి చిక్కకుండా మిగిలినవే. యుద్ధకాలంలో అమెరికా నుంచి అరువు తెచ్చిన వెండి 22 కోట్ల ఔన్సులకు పైమాటే. ఆ అప్పును 1950ల్లో తిరిగి వెండిగానే తీర్చారు. ఆ సగం వెండి రూపాయలను కరిగించి, శుద్ధి చేసి పంపారు. 1947లో వచ్చిన రూపాయి పూర్తి నికెలు. బొరుసు మీద పులి ఉంది, లోపల వెండి లేదు. హాలీ సిక్కాకు 1959లో చట్టబద్ధమైన చెల్లుబాటు పోయింది.

కొత్త సేకర్తకు ఈ చరిత్ర అంతా చివరికి నాలుగు అంకెలుగా ఉపయోగపడుతుంది. 1835 నుంచి 1939 దాకా ఉన్న బ్రిటిష్ రూపాయిలో 10.69 గ్రాముల వెండి. మామూలు చార్మినార్ రూపాయిలో 9.14. 1940 నుంచి 1945 దాకా ఉన్న రూపాయిలో 5.83. 1947 రూపాయిలో సున్నా. ఆ రోజు వెండి గ్రాము ధరతో గుణిస్తే లోహం వెల తేలుతుంది. దుకాణదారు అడిగిన దానిలో అది తీసేస్తే మిగిలింది మూడో వెల, అరుదుతనం వెల. దానికి ఎంత ఇవ్వాలన్నది చదివి తెలుసుకోవాల్సిందే.

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. పాతదైతే అరుదనుకుంటారు. 1862 అని రాసి ఉన్న విక్టోరియా రూపాయి చూడగానే నూట అరవై ఏళ్ల నాటిదని ఎక్కువ ధర ఇస్తారు. నిజానికి 1874 వరకు టంకశాలలు ఆ 1862 తేదీనే మార్చకుండా కొట్టాయి. అందువల్ల అవి కోట్లలో పుట్టాయి. దానికన్నా 77 ఏళ్లు చిన్నదైన 1939 జార్జి రూపాయి అసలైన అరుదు. అచ్చయినవాటిలో బయటికి వచ్చినవి చాలా తక్కువ. అందుకే 1938 రూపాయి మీద చివరి అంకెను గీకి 9 చేసి అమ్ముతారు. కొనేముందు ఆ అంకె చుట్టూ ఉన్న నేలను భూతద్దంతో చూడాలి. అక్కడ మెరుపు వేరుగా ఉంటే, గీతలుంటే వదిలేయాలి. 1911 నాటి అయిదో జార్జి రూపాయిది మరో రకం కథ. రాజుగారి వస్త్రం మీది హారంలో ఏనుగు ఉండాలి. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించింది. జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ అచ్చు ఆపి, కొట్టినవాటిలో అధికభాగం కరిగించింది. 1912లో తొండం స్పష్టంగా చెక్కి మళ్లీ విడుదల చేసింది.

ఈస్టిండియా కంపెనీ పేరు, 1616 లేదా 1818 సంవత్సరం, మీద రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న బిళ్లలు సంతల్లో విరివిగా దొరుకుతాయి. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ కొట్టలేదు. అవి ఈ కాలంలో తయారు చేసినవి. రామటంకాలు వేరు. అవి భక్తులు పూజగదిలో పెట్టుకోవడానికి చేసిన బిళ్లలు. వాటికి ఆ విలువ ఉంది, నాణెం విలువ లేదు.

ఇంకొక మాట మన ఇళ్లకు ప్రత్యేకం. అమ్మమ్మ పెట్టెలో దొరికిన నల్లబడ్డ రూపాయిని ఇంట్లోవాళ్లు ప్రేమగా చింతపండు పెట్టి, విబూది పెట్టి తోమేస్తారు. గిన్నెకు అది మేలు, నాణేనికి చేటు. గాలిలోని గంధకం వల్ల వందేళ్లుగా కట్టిన ఆ నలుపు పొరను సేకర్తలు కోరి చూస్తారు. తోమిన రూపాయి మెరుస్తుంది, కానీ బొమ్మ మీది సన్నని గీతలు అరిగిపోతాయి. ధర లోహం వెలకు పడిపోతుంది. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత తీసేసిన మచ్చ ఉన్నా అంతే.

భూమిలో దొరికిన నాణేలు దొరికినంతమాత్రాన దొరికినవాడివి అయిపోవు. 10 రూపాయల విలువ దాటిన నిధి బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. పొలం దున్నుతుంటే కుండ బయటపడిందని చెప్పి అమ్మజూపేవాళ్ల దగ్గర కొనడం చిక్కులు కొనితెచ్చుకోవడమే. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుక్కి తాతగారి మహబూబ్ అలీ రూపాయి ఇచ్చి పంపాలని చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. ఆ నాణెం దేశం దాటకూడదు.

ఈ రోజుల్లో ప్రభుత్వం స్మారక నాణేలు కూడా అమ్ముతోంది. 1969లో గాంధీజీ శతజయంతికి వచ్చిన 10 రూపాయల నాణెం 15 గ్రాములు, అందులో 80 శాతం వెండి. పాత నాణేల సంతల్లో అది ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది, మొదటి నాణెంగా కొనడానికి మంచిది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్టీఆర్ శతజయంతి నాణెం హైదరాబాదు టంకశాలలోనే పుట్టింది. ముఖ విలువ 100 రూపాయలు, తూకం 35 గ్రాములు. లోహం: 50 శాతం వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. యుద్ధం రోజుల్లో వెండి చాలక 1940లో ప్రభుత్వం వాడిన మిశ్రమం అదే పాళ్లలో ఇక్కడ ఉంది. అందులోని వెండి 17.5 గ్రాములు. అప్పటి వెండి ధరతో లెక్కిస్తే దాని విలువ పదిహేను వందలు దాటదు, నాణెం అమ్మింది మాత్రం వేలల్లో. అభిమానంతో కొన్నవాళ్లు సరైన పనే చేశారు. పెట్టుబడి అనుకుని కొన్నవాళ్లు ముందు ఈ గుణకారం చేసుకోవాల్సింది.

వెండి ధర ఎంత దూకుడుగా కదులుతుందో 1980 చూపించింది. టెక్సాస్‌కు చెందిన హంట్ సోదరులు ప్రపంచపు వెండిని గుత్తగా పోగుచేయాలని చూశారు. జనవరిలో ఔన్సు 50 డాలర్ల దగ్గరికి చేరింది. మార్చి 27కల్లా 11 డాలర్ల దిగువకు జారింది. అప్పు తెచ్చి వెండి కొన్నవాళ్లు ఆ వారంలో చితికిపోయారు. అందుకే కొద్దికొద్దిగా, సొంత డబ్బుతో, బిల్లు తీసుకుని కొనాలి.

హైదరాబాదులో ఉన్నవాళ్లకు సైఫాబాదు పాత టంకశాలలోని మ్యూజియం 2022 నుంచి తెరిచి ఉంది. చార్మినార్ రూపాయి పుట్టిన గోడల మధ్యే నడిచి రావచ్చు. తర్వాత పాతబస్తీలో వెదికి ఒక కల్దార్, ఒక హాలీ తీసుకుని చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. 1906 నాటి నాణేల చట్టం రూపాయి అరుగుదలకు ఒక హద్దు గీసింది. ప్రమాణం కన్నా నూటికి రెండు వంతులకు మించి తగ్గితే అది చట్టప్రకారం చెల్లేది కాదు. లెక్కవేస్తే 11.43 గ్రాములు. కాటా మీద విక్టోరియా రూపాయి 11.5 చూపిస్తే అది ఎన్నో చేతులు మారి నిజాయితీగా అరిగిన రూపాయి. మీద గీతలన్నీ కొత్తగా, పదునుగా ఉండి తూకం మాత్రం 10.8 చూపిస్తే దాన్ని తిరిగి దుకాణదారు చేతిలో పెట్టి, ఇంకోటి చూపించమని అడగాలి.